జాతీయ రహదారులపై లేన్ మర్యాద: వెనుక వచ్చే వాహనానికి దారి ఇవ్వడం

నేపథ్య వ్యాసం
(పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం)

సికింద్రాబాద్:

సికింద్రాబాద్ నుంచి ఉత్తర తెలంగాణకు రెండు ప్రధాన రహదారులు బయలుదేరుతాయి. మొదటిది బోయినపల్లి, సుచిత్ర, కొంపల్లి, కండ్లకోయ, మేడ్చల్ మీదుగా కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ చేరి నాగపూర్ దిశగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చక ముందు ఇదే ఏడవ నంబరు రహదారిగా ప్రసిద్ధం. పాత తరం లారీ డ్రైవర్లు నేటికీ 'సెవెన్ హైవే' అనడం వినవచ్చు. రెండవది అల్వాల్, హకీంపేట, శామీర్‌పేట, సిద్దిపేటల మీదుగా కరీంనగర్, రామగుండం వెళ్లే రాజీవ్ రహదారి. ఈ రెండింటిపై నగరం పొలిమేర దాటుతున్న ప్రతి డ్రైవరుకూ ఎదురయ్యే సమస్య ఒకటే. విభాగినికి ఆనుకుని ఉన్న కుడి లేన్‌లో గంటకు యాభై, అరవై కిలోమీటర్ల వేగంతో ఒక లారీ నింపాదిగా సాగుతూ ఉంటుంది. వెనుక హారన్లు, హెడ్‌లైట్ల మెరుపులు. లారీ జరగదు. చివరకు కార్లు ఒకదాని వెంట ఒకటి ఎడమ వైపు నుంచి దూరి ముందుకు పోతాయి. ఇందులో తప్పు ఎవరిది, చట్టం ఏమంటోంది, ఈ అలవాటు ఎందుకు మారడం లేదు అన్న ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నియమం ఏమిటి?

మన దేశంలో వాహనం ఎడమ వైపున నడవాలి, ముందున్న వాహనాన్ని కుడి వైపు నుంచి దాటాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 118వ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వం 1989లో రోడ్డు నియమాల నిబంధనలను జారీ చేసింది. వాటి స్థానంలో 2017 జూన్‌లో మోటారు వాహనాల (డ్రైవింగ్) నిబంధనలు అమలులోకి వచ్చాయి. రెండింటి సారాంశంలోనూ మార్పు లేదు. లేన్లు గీసిన రోడ్డుపై డ్రైవరు తన లేన్‌లోనే ఉండాలి. లేన్ మారదలిస్తే ముందుగా సిగ్నల్ ఇవ్వాలి. తనను మరొకరు దాటుతున్నప్పుడు వేగం పెంచరాదు, మరే విధంగానూ ఆ వాహనానికి అడ్డుపడరాదు.

కుడి లేన్‌ను వాడుకలో 'ఫాస్ట్ లేన్' అంటున్నారు. అసలు తప్పు ఈ పేరులోనే ఉంది. వేగంగా వెళ్లేవారికి కేటాయించిన లేన్ అని దీని అర్థం కాదు. నాలుగు లేన్ల రహదారిపై అది ముందు వాహనాన్ని దాటడానికి వాడుకునే జాగా. దాటడం పూర్తయిన వెంటనే ఎడమకు తిరిగి రావాలి. కుడి లేన్ తన సొంతమనుకుని వంద కిలోమీటర్ల వేగంతో అందులోనే పదుల కిలోమీటర్లు సాగే కారు కూడా, అరవైలో సాగే లారీ చేసే తప్పునే చేస్తోంది. తేడా అల్లా ఆ కారు వెనుక క్యూ కొంచెం ఆలస్యంగా ఏర్పడుతుంది.

"నేను వేగ పరిమితిలోనే వెళుతున్నాను. నా వెనుకవాడు పరిమితి దాటుతున్నాడు. అతనికి నేనెందుకు దారి ఇవ్వాలి?" అన్న వాదన తరచు వినిపిస్తుంది. విద్యావంతులైన డ్రైవర్లలోనే ఇది ఎక్కువ. ఇవి రెండు వేర్వేరు విషయాలు. వెనుకవాడు అతివేగంగా వస్తుంటే అది 183వ సెక్షను కింద అతడి నేరం. దాన్ని పట్టుకునేందుకు స్పీడ్ గన్లు, కెమెరాలు ఉన్నాయి. అంతమాత్రాన ముందువాడికి అతడిని నిలువరించే అధికారం సంక్రమించదు. దారి ఇవ్వడం ఎదుటివాడి వేగాన్ని ఆమోదించినట్లు కాదు. అతడిని తన వెనుక నుంచి తప్పించి ముందుకు పంపివేయడం మాత్రమే. దారి దొరకని వాహనం నెమ్మదించి ఊరుకోదన్నది అనుభవం. అది ఎడమ వైపు నుంచి దూరుతుంది. మన వాహనాల స్టీరింగు కుడివైపున ఉన్నందున భారీ వాహనం డ్రైవరుకు అతి తక్కువగా కనిపించేది ఎడమ పక్కనే.

లెక్కలు చెప్పే సంగతి

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఒక సెకనులో సుమారు 28 మీటర్లు ప్రయాణిస్తుంది. ముందు వాహనంతో కనీసం రెండు సెకన్ల ఎడం ఉండాలన్న సాధారణ సూత్రం ప్రకారం ఈ వేగంలో 56 మీటర్ల ఖాళీ అవసరం. ఈ కారు 60 కిలోమీటర్ల వేగంతో సాగే లారీని సురక్షితంగా దాటి, తిరిగి ఎడమకు రావడానికి కొద్ది సెకన్లు చాలు.

ఇక లారీని లారీ దాటే సందర్భం చూద్దాం. ఒకటి 60లో, మరొకటి 55లో ఉన్నాయనుకుందాం. తేడా గంటకు ఐదు కిలోమీటర్లు, అంటే సెకనుకు మీటరున్నర కూడా లేదు. రెండు వాహనాల పొడవు, ముందు వెనుకల వదలవలసిన ఖాళీ కలిపి 64 మీటర్లు గడవాలంటే 46 సెకన్లు పడుతుంది. ఈలోగా రెండు లారీలూ పక్కపక్కనే దాదాపు ముప్పావు కిలోమీటరు పొడవునా రహదారిని మూసివేస్తాయి. జర్మనీలో దీన్ని 'ఏనుగుల పందెం' అంటారు. తూప్రాన్ దాటిన తర్వాత ఏ రాత్రి వేళైనా ఈ పందెం చూడవచ్చు. ఇక్కడ దాటే లారీ డ్రైవరు చట్టం తప్పాడనలేము. కాని ఎడమ లారీ డ్రైవరు క్షణకాలం యాక్సిలరేటరు మీద కాలు సడలిస్తే పందెం పావు వంతు సమయంలో ముగుస్తుంది. దారి ఇవ్వడమంటే పక్కకు జరగడం ఒక్కటే కాదు, ఒక్కొక్కప్పుడు వేగం తగ్గించడం కూడా.

'సైడ్ ఇవ్వడం' నుంచి లేన్ వరకు

తెలుగు డ్రైవర్లకు దారి ఇచ్చే మర్యాద తెలియదనడం సరికాదు. 'సైడ్ ఇవ్వడం' అన్న మాట మన రోడ్లపైనే పుట్టి పెరిగింది. నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో సర్వీసులు ప్రారంభించిన నాటి నుంచి, నాలుగు లేన్ల రహదారులు వచ్చే వరకు, మన రోడ్లలో అధిక భాగం నడిమధ్య ఒక్క వాహనానికి సరిపడే తారు, ఇరువైపులా మట్టి మార్జిన్ ఉన్నవే. అటువంటి రోడ్డుపై ప్రతి వాహనం సహజంగా నడుమనే నడిచేది. వెనుకవాడు హారన్ కొడితే ముందువాడు ఎడమ చక్రాలను మట్టిలోకి దించి, కుడి చేతిని కిటికీ బయట పెట్టి ముందుకూ వెనుకకూ ఊపేవాడు. 1989 నిబంధనలు ఈ సంజ్ఞను 'నన్ను దాటి వెళ్లవచ్చు' అని తెలిపే అధికారిక హస్త సంకేతంగా వర్ణించాయి కూడా.

అయితే ఆ మర్యాద అడిగినప్పుడు ఇచ్చేది. నడుమ ఉండడం హక్కు, పక్కకు జరగడం ఉపకారం. నాలుగు లేన్ల రహదారి వచ్చాక ఈ లెక్క తలకిందులైంది. ఎడమన ఉండడమే సాధారణ స్థితి; కుడికి రావడం తాత్కాలికం. హారన్ మోగిన తర్వాత ఆలోచించవలసిన విషయం కాదిది. రోడ్డు మారింది గాని డ్రైవరు చేతిలోని అలవాటు మారలేదు. లారీల వెనుక 'సౌండ్ హారన్' అని రాయించుకునే ఆచారం ఆ పాత రోడ్ల అవశేషమే. 'హారన్ కొట్టు, అప్పుడు చూద్దాం' అన్నది దాని భావం.

ఎడమ లేన్ సంగతి

ఇంతవరకు చెప్పినది డ్రైవరు బాధ్యత. అయితే సికింద్రాబాద్ – మేడ్చల్ మార్గంలో లారీ డ్రైవరును కుడి లేన్‌లో ఎందుకున్నావని అడిగితే వచ్చే జవాబును కూడా అధికారులు ఆలకించవలసి ఉంది. "ఎడమన ఎక్కడుంది సార్ జాగా?" అన్నదే ఆ జవాబు.

ఆ మాట కాదనడం కష్టం. బోయినపల్లి కూరగాయల మార్కెట్ నుంచి కొంపల్లి దాటే వరకు ఎడమ లేన్‌లో ప్రయాణికుల కోసం ఆగిన ఆటోలు, బస్ బే ఉన్నా దానిలోకి వెళ్లని బస్సులు, ఫంక్షన్ హాళ్ల ముందు నిలిపిన కార్లు, తోపుడు బండ్లు కనిపిస్తాయి. యూటర్న్ దూరమని ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే ద్విచక్ర వాహనాలు వీటికి అదనం. పది టన్నుల బరువుతో ఉన్న లారీకి ప్రతి రెండు వందల మీటర్లకు బ్రేకు వేసి, కుడికి తప్పుకుని, మళ్లీ ఎడమకు రావడం ప్రమాదకరం, డీజిల్ దండుగ. ఒకే లేన్‌లో స్థిరంగా సాగడమే క్షేమమని అతడు నిర్ణయించుకుంటాడు. అది నియమ విరుద్ధమే కావచ్చు, అవివేకం మాత్రం కాదు.

కుడి లేన్‌కు మరో చిక్కు ఉంది. విభాగిని మధ్యలో యూటర్న్ కోసం వదిలిన ఖాళీల వద్ద కుడికి తిరగవలసిన వాహనాలు కుడి లేన్‌లోనే నెమ్మదించి ఆగాలి. రాజీవ్ రహదారిపై ఊరూరికీ ఇటువంటి మలుపులున్నాయి. అందరికంటే వేగంగా వెళ్లే వాహనానికీ, ఆగి మలుపు తిరిగే ట్రాక్టరుకూ ఒకే లేన్ చూపించి క్రమశిక్షణ కోరడంలో ఔచిత్యం ఎంత అన్నది ఇంజనీర్లు ఆలోచించవలసిన విషయం. మలుపు వద్ద ప్రత్యేకంగా ఆగే జాగా ఉన్నచోట ఈ సమస్య చాలావరకు తగ్గుతుంది.

కాబట్టి కుడి లేన్‌ను ఆక్రమించిన వాహనాలపై కేసుల నమోదుతో మొదలుపెడితే ఆశించిన ఫలితం రాదు. ఎడమ లేన్ ఖాళీ చేయించడం ముందు జరగాలి. ఇందుకు అధికారాలు చట్టంలో ఉన్నాయి. ప్రమాదకరంగా వాహనం నిలపడాన్ని 122వ సెక్షను నిషేధిస్తోంది. వదిలివేసిన వాహనాలను తొలగించేందుకు 127వ సెక్షను వీలు కల్పిస్తోంది. రహదారి భూమిపై ఆక్రమణల తొలగింపునకు జాతీయ రహదారుల నియంత్రణ (భూమి, ట్రాఫిక్) చట్టం, 2002 ఉంది. అయితే పోలీసు, రవాణా, జాతీయ రహదారుల సంస్థ, స్థానిక సంస్థ, కంటోన్మెంట్ బోర్డు ఎవరి పరిధిలో వారుండగా, ఎడమ లేన్ ఏ ఒక్కరి బాధ్యతా కాకుండా మిగిలిపోయే అవకాశం ఎక్కువ.

'ఆగి ఉన్న లారీ'

పాత్రికేయులు గమనించదగిన అంశం ఒకటి ఇక్కడే ఉంది. 'ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొన్న కారు' అన్న శీర్షిక తెలుగు పాఠకులకు చిరపరిచితం. తర్వాతి వాక్యంలో కారణం 'అతివేగం' లేదా 'నిద్రమత్తు' అని ఉంటుంది. లారీ ఎక్కడ ఆగి ఉన్నదన్నది చాలా వార్తల్లో ఉండదు. మార్జిన్ మీదనా, ఎడమ లేన్‌లోనా? వెనుక దీపాలు వెలుగుతున్నాయా? ప్రతిఫలించే టేపు ఉందా? హెచ్చరిక త్రికోణం పెట్టారా? రాత్రి వేళ డిప్ వెలుతురులో దీపాలు లేని లారీ యాభై మీటర్ల దూరంలో కనిపించిందనుకుంటే, 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న డ్రైవరుకు మిగిలేది రెండు సెకన్ల పైచిలుకు. నిద్రలో లేని డ్రైవరుకు కూడా అది చాలదు. ఎడమ లేన్‌లో నడపమని చెబుతూ, ఆ లేన్‌లో చీకట్లో లారీలు ఆగనిస్తే, నియమం పాటించినవాడే బలవుతాడు.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు సంభవించి 1,68,491 మంది మరణించారు. మరణాలలో 36.2 శాతం జాతీయ రహదారులపైనే జరిగాయి. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో వీటి వాటా సుమారు రెండు శాతమే. మరణాలలో 71.2 శాతానికి అతివేగం, 5.4 శాతానికి రాంగ్ సైడ్ ప్రయాణం కారణాలుగా నమోదయ్యాయి. కారణం గడిలో ఒక్క మాట నింపే పద్ధతిలో 'అతివేగం' సులువైన మాట. ముందున్న వాహనం స్థితి ఆ గడిలో చోటు చేసుకోదు. ఈ అంకెలను ఉటంకించేటప్పుడు ఆ పరిమితిని దృష్టిలో ఉంచుకోవడం మంచిది.

ఔటర్ రింగ్ రోడ్డు అనుభవం

లేన్ల వారీ వేగ నియమం స్పష్టంగా ఉన్న రహదారి ఒకటి సికింద్రాబాద్‌కు చేరువలోనే ఉంది. 158 కిలోమీటర్ల నెహ్రూ ఔటర్ రింగ్ రోడ్డు కండ్లకోయ వద్ద 44వ నంబరు జాతీయ రహదారిని, శామీర్‌పేట వద్ద రాజీవ్ రహదారిని కలుస్తుంది. గచ్చిబౌలి – శంషాబాద్ మధ్య తొలి భాగం 2008 నవంబరు 14న ప్రారంభమైంది. ఒక్కో దిశలో నాలుగేసి లేన్లు. ద్విచక్ర వాహనాలకు, పాదచారులకు ప్రవేశం లేదు. 2023 జూలై ఆఖరున పోలీసులు జారీ చేసిన ఉత్తర్వుల ప్రకారం, విభాగిని వైపు నుంచి లెక్కిస్తే ఒకటి, రెండు లేన్లలో వేగం గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లు. మూడు, నాలుగు లేన్లలో 40 నుంచి 80 కిలోమీటర్లు. నలభైకి తక్కువ వేగంతో వెళ్లే వాహనాలకు అనుమతి లేదు. లేన్ల మధ్య అటూ ఇటూ దూరడం, రోడ్డుపై వాహనం నిలపడం నిషిద్ధం.

ఈ ఉత్తర్వును అక్షరాలా చదివితే తొంభైలో వెళ్లే డ్రైవరుకు ఏ లేనూ లేదు! ఆచరణలో అతడు రెండో లేన్‌లో కనిపిస్తాడు. అయినా ఇందులోని ముఖ్యాంశం కనీస వేగం. కుడి లేన్లకు గరిష్ఠ పరిమితి ఒక్కటే కాక కనిష్ఠ పరిమితి కూడా ఉన్నప్పుడు, నెమ్మదిగా వెళుతూ అక్కడే ఉండడం కొలవదగిన ఉల్లంఘన అవుతుంది. మేడ్చల్ రోడ్డుపై అటువంటి కొలమానం లేదు. అక్కడ కుడి లేన్‌లో ఉండిపోవడాన్ని నిరూపించడం అధికారి విచక్షణకే వదిలివేయవలసి వస్తోంది. అయితే ఔటర్‌పై ఎడమ లేన్‌లో ఆటోలు ఆగవు, ఎదురుగా ఎవరూ రారు, విభాగినిలో ఖాళీలు లేవు. ఈ తేడా మరచి ఆ నియమాన్ని ఇక్కడ యథాతథంగా కోరడం తొందరపాటు అవుతుంది.

అంబులెన్స్ వచ్చినప్పుడు

వేగంగా వచ్చే వాహనానికి దారి ఇవ్వడం మామూలుగా మర్యాద. 108 విషయంలో అది ప్రాణానికి సంబంధించినది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఈ సేవ నిర్వహణ సంస్థ ఈఎంఆర్‌ఐ ప్రాంగణం మేడ్చల్ రోడ్డులోని దేవరయాంజాల్‌లో నెలకొనడం గమనార్హం. ఉత్తర జిల్లాల నుంచి ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికి తరలించే రోగులలో చాలామంది ఈ దారినే వస్తారు.

అత్యవసర వాహనానికి దారి ఇవ్వకపోవడం 2019 సవరణతో చేరిన 194ఇ సెక్షను కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. శిక్ష ఎంతైనా, కదలని ట్రాఫిక్‌లో చిక్కుకున్న డ్రైవరు ఎటు జరగాలన్నదే అసలు ప్రశ్న. సైరన్ వినగానే కొందరు ఎడమకు, కొందరు కుడికి తిప్పి మరింత బిగుసుకుపోవడం పరిపాటి. జర్మనీ, ఆస్ట్రియా దేశాలలో హైవేపై ట్రాఫిక్ నెమ్మదించిన వెంటనే, సైరన్ వినపడక ముందే, విభాగిని పక్క లేన్‌లోని వాహనాలు విభాగిని వైపుకు, మిగిలినవన్నీ అంచు వైపుకు జరిగి నడుమ దారి వదలాలి. మన దగ్గర ఎడమకు జరగడమే పద్ధతి. ఎడమ అంచు ఆటోలతో, బండ్లతో నిండి ఉంటే అది కాగితం మీది మాటే. ఎడమ లేన్ తనిఖీని ట్రాఫిక్ సౌలభ్యంగా కాక అత్యవసర వైద్యంలో భాగంగా చూడవలసిన కారణం ఇదే.

అడిగే పద్ధతి

దారి కోరేవారికీ ఒక మర్యాద ఉంది. రెండు సెకన్ల ఎడం తగ్గకుండా వెనుక నిలిచి, ఒకసారి డిప్పర్ కొట్టి ఆగాలి. ఆనుకుని వస్తూ ఎడతెరిపి లేకుండా హారన్ మోగిస్తే ముందువాడు భయంతో పొరపాటు చేయవచ్చు, పంతంతో జరగకపోవచ్చు. ముందువాడు ఎవరినో దాటుతూ ఉంటే అది పూర్తయ్యే వరకు వేచి ఉండడం విధి. దారి ఇచ్చేవాడు కూడా ఎడమ సిగ్నల్ వేసి, అద్దంలో చూసుకుని జరగాలే గాని, కోపంతో బ్రేకు తొక్కరాదు.

సంకేతాల విషయంలో ఒక గందరగోళం గుర్తించదగినది. కొన్ని ప్రాంతాల లారీ డ్రైవర్లు కుడి ఇండికేటరు వేసి 'దాటి పొండి' అని తెలుపుతారు. అదే ఇండికేటరుకు చట్టబద్ధమైన అర్థం 'నేను కుడికి వస్తున్నాను' అని. దేశం నలుమూలల నుంచి వాహనాలు వచ్చే 44వ నంబరు రహదారిపై ఈ రెండు అర్థాలూ ఒకేసారి చలామణిలో ఉన్నాయి. కుడి ఇండికేటరును ఎన్నడూ దారి ఇచ్చిన సంకేతంగా తీసుకోకపోవడమే క్షేమం.

శిక్షల విషయం

బ్రిటన్‌లో మధ్య లేన్‌లో అకారణంగా ఉండిపోవడాన్ని అజాగ్రత్త డ్రైవింగ్‌గా పరిగణించి అక్కడికక్కడే 100 పౌండ్ల జరిమానా, మూడు పెనాల్టీ పాయింట్లు విధించే అధికారాన్ని 2013 ఆగస్టులో పోలీసులకు ఇచ్చారు. మన చట్టంలో డ్రైవింగ్ నిబంధనల ఉల్లంఘనకు 2019 సవరణ ద్వారా చేర్చిన 177ఎ సెక్షను కింద రూ. 500 నుంచి రూ. 1,000 వరకు జరిమానా ఉంది. చట్ట విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడాన్ని, ట్రాఫిక్‌కు ఎదురుగా నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌కు సంబంధించిన 184వ సెక్షను వివరణలో స్పష్టంగా చేర్చారు. చట్టంలోని గరిష్ఠ జరిమానాకు, అక్కడికక్కడే వసూలు చేసే రాజీ రుసుముకు తేడా ఉంటుంది. రాజీ రుసుమును రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి కనుక, వార్తలో అంకె ఇచ్చే ముందు రవాణా శాఖ వద్ద నిర్ధారించుకోవడం అవసరం.

ఎత్తయిన వంతెనలు

ప్యారడైజ్ కూడలి నుంచి డెయిరీ ఫారం రోడ్డు వరకు 44వ నంబరు జాతీయ రహదారిపై 5.32 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చి 9న కండ్లకోయ వద్ద ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అంతకు రెండు రోజుల ముందు, మార్చి 7న, రాజీవ్ రహదారి కారిడార్‌కు అల్వాల్‌లో శంకుస్థాపన జరిగింది. రక్షణ శాఖ భూముల కారణంగా ఏళ్ల తరబడి విస్తరణకు నోచుకోని కంటోన్మెంట్ మార్గాలివి. పైమార్గంలో ఆటోలు ఆగవు గనుక అక్కడ ఎడమ లేన్ దొరుకుతుంది. కింది రోడ్డుపై బస్ బేలు, ఆటో స్టాండ్లు, యూటర్న్‌ల వద్ద ఆగే జాగా ఏర్పాటు కాకపోతే, వంతెన దిగిన చోట లారీ మళ్లీ కుడి లేన్‌నే వెతుక్కుంటుంది. డిజైన్ దశలోనే ఈ అంశాలను సంబంధిత శాఖలు కలిసి పరిశీలించవలసి ఉంటుంది.

జాతీయ రహదారులపై ఆగిపోయిన వాహనాలు, ప్రమాదాల గురించి 1033 నంబరుకు, అంబులెన్స్ కోసం 108కి ఫోన్ చేయవచ్చు. సమాచారం ఇచ్చేవారు సమీపంలోని కిలోమీటరు రాయి నంబరుతో పాటు, వాహనం ఏ లేన్‌లో ఆగి ఉన్నదీ తెలిపితే సిబ్బంది త్వరగా చేరుకోగలుగుతారు.